గట్టు మీది మాస్టారు

ఈ దీవి మీకు సరిపోతుందా, అని అడుగుతున్నాడు ఫోన్లోకి వచ్చిన వ్యాసంలో ఎవడో. సరిపోవడమేంటి నాయనా, చొక్కానా, చెప్పులా, వేసుకుని చూడ్డానికి? ఈ వ్యాసం పంపించింది మా ఆవిడ ఆఫీసులో హెడ్ క్లర్కు, మహానుభావుడు, వ్యాసం చదవకుండా తుమ్మడు కూడా. థాయ్‌లాండ్‌లో దీవి, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి అవునో కాదో చెప్పుకుంటూ పోతే ఆఖర్న అది మీ సముద్రపు సెలవులకి తగిన చోటో కాదో తేలిపోతుందట. ఎవరో దొర ఇంగ్లీషులో రాసుకున్నదాన్ని ఈ ఫోనే తెలుగులోకి దొర్లించింది కాబోలు, మీరు తెల్లని ఇసుకను ప్రేమించే వ్యక్తియేనా అంటోంది మొదటి ప్రశ్న. ఇసుకని ప్రేమించడమేమిటి నీ మొహం. ఇసుక నా ఫిల్టర్ డ్రమ్ములో అరటన్ను ఉంది, పాతికేళ్లుగా కడుగుతున్నాను, ఒక్కసారి కూడా ముద్దొచ్చింది లేదు. ఇప్పుడూ అదే పని. నాలుగు నుంచి ఐదు దాకా స్విమ్మింగ్ పూల్ మూసేస్తారు, పిల్లల బ్యాచికీ పెద్దల బ్యాచికీ మధ్య ఫిల్టర్ కడిగే గంట ఇది, పంపు గదిలో నేనొక్కణ్ణే, మీట తిప్పి కూచుంటే మురికి నీళ్లు గొట్టంలోంచి కాలవలోకి పోతుంటాయి. ఐదింటికి మా ఆవిడ ఆఫీసు నుంచి నేరుగా ఇక్కడికొస్తుంది, నా నోట్లోంచి వెళ్దామనో వద్దనో ఒక ముక్క తీసుకుని ట్రావెల్స్ వాడికి చెప్పాలి, ఇవాళ చెప్పకపోతే గదులు ఇంకెవరికో ఇచ్చేస్తానని వాడు మూడు రోజులుగా చంపుతున్నాడు.

రెండో ప్రశ్న, మీకు సందడి కావాలా ప్రశాంతత కావాలా. దీవికి పడమటి పక్క చెవులు పగిలే పాటలట, తూర్పు పక్క కొబ్బరి చెట్లూ, తాటాకు గుడిసెలూ, చెట్లకి కట్టిన ఊయల పడకలూనట. మాతో వచ్చే ఈ బృందానికి ఏ పక్కయితేనేం, వీళ్లెక్కడుంటే అక్కడే సంత. హెడ్ క్లర్కు, వాళ్లావిడ, ఇద్దరు పిల్లలు, క్యాషియరు, వాళ్లావిడ, ముగ్గురు పిల్లలు, మేమిద్దరం. హెడ్ క్లర్కు అప్పుడే దీవి పటం అచ్చు తీయించి ఎర్ర పెన్నుతో గీతలు గీశాడు, ఎన్నింటికి ఎండ ఎటు తిరగాలో కూడా రాశాడు, సూర్యుడు వచ్చి ఈయన దగ్గర హాజరు వేయించుకోవాలన్నట్టు. క్యాషియరైతే పూలపూల చొక్కాలు నాలుగు కొన్నాడు, ఈత చాపంత టోపీ ఒకటి కొన్నాడు, అది పెట్టుకుని మా ఇంటికొచ్చి ఎలా ఉంది మాస్టారూ అన్నాడు, గొడుగు కింద ఎవరో దొంగ దాక్కున్నట్టుందన్నాను. నవ్వాడు. నేనేమన్నా నవ్వుతారు అందరూ, మాస్టారి నోరంతే అంటారు. ఆ రోజే వాళ్లావిడ అసలు సంగతి బయటపెట్టింది. ఇన్ని ఊళ్లుండగా ఈ దీవే ఎందుకనుకున్నామంటే మీరున్నారనే అన్నయ్యగారూ అంది. పడవలో నడిసముద్రం దాకా తీసుకెళ్లి, మొహానికి అద్దాలు పెట్టి, నీళ్లలోకి దింపి పగడాలు చూపిస్తారట, మా రెండిళ్లలో పెద్దవాళ్లెవరికీ ఈత రాదు, ఐదుగురు పిల్లల్నీ మీ చేతిలో పెట్టేసి మేం పడవలో నిశ్చింతగా కూచుంటాం అంది. మా ఆవిడ మొహం వెలిగిపోయింది. నేను కాఫీ కప్పులోకి చూస్తూ చూద్దాం లెండి అన్నాను.

చూద్దాం లెండి. అంతకంటే మాట దొరకలేదు, ఎందుకంటే నాకు ఈత రాదు. ఇంతే సంగతి. పదకొండొందల మందికి నేర్పాను, వాళ్లలో ముగ్గురు పతకాలు తెచ్చారు, నాకు మాత్రం రాదు. పూల్‌కి అడ్డంగా తాడు కట్టి ఉంటుంది, ఇటు నాలుగడుగుల లోతు, అటు తొమ్మిది, ఆ తాడు అవతల నేను కాలు పెట్టిన పాపాన పోలేదు. ఎవరైనా అడిగితే కదా. మీకు ఈత వచ్చా అని ఈత మాస్టార్ని ఎవడడుగుతాడు? పొడి నిక్కరు వేసుకుని, మెళ్లో విజిల్ తగిలించుకుని, పొడుగాటి కర్ర పట్టుకుని గట్టు మీద నడుస్తూ అరుస్తుంటాను, నేనూ దిగితే మిమ్మల్ని చూసేదెవడు, మునిగిన తలకాయలు లెక్కపెట్టేదెవడు అంటాను, నిజమే కదా అంటారు. తలాడించడానికి తప్ప ఇంకెందుకూ వాడరు జనం ఆ తలకాయల్ని. లోతు వైపు లైఫ్‌గార్డుంటాడు, సగం రోజు కునికిపాట్లు పడుతుంటాడు గానీ దూకాల్సొస్తే చేపలా దూకుతాడు, నా గుట్టు వాడి పుణ్యాన ఇన్నాళ్లు దాగింది. నడిసముద్రంలో వాడుండడు. నడిసముద్రంలో గట్టే ఉండదు, నేనెక్కడ నడవను?

అసలు నన్నిక్కడ పెట్టుకుంది పంపు చూసుకోడానికి. మీటలు తిప్పడం, క్లోరిన్ కలపడం, జనం వదిలిపోయిన వెంట్రుకలూ వేళ్లకి చుట్టుకున్న కట్లూ జల్లెడలోంచి ఏరిపారెయ్యడం. ఆ జల్లెడ చూశాక మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం. ఈ గది కిటికీ సరిగ్గా నీళ్ల మట్టానికుంటుంది, మూడేళ్లు ఆ కిటికీలోంచి పాత మాస్టారి పాఠం విన్నాను, తల దించు, ఊపిరి వదులు, మోచెయ్యి పైకి, మోకాలు వంచకు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ఒక వేసవి మధ్యలో ఆయన చెప్పాపెట్టకుండా ఇంకో క్లబ్బుకి వెళ్లిపోయాడు, చేరిన జనం గట్టు మీద నిలబడి గోల, సెక్రటరీ ఈ గదిలోకొచ్చి, రోజూ వింటూనే ఉన్నావుగా, నాలుగు రోజులు విజిల్ ఊదు, ఎవర్నో ఒకర్ని పట్టుకొస్తాను అన్నాడు. పూల్లో పనిచేసేవాడికి ఈత రాకపోవడమేమిటనుకున్నాడు, మేధావి. ఆ నాలుగు రోజులే ఇరవై రెండేళ్లయ్యాయి. మొదటి బ్యాచిలో ఏడుగురు, అందులో ఒకమ్మాయి బీమా ఆఫీసు గుమాస్తా, నడుం నొప్పికి డాక్టరు ఈదమన్నాడట. పాత మాస్టారి మాటలు పొల్లుపోకుండా అరిచాను, పద్దెనిమిదో రోజున ఆ అమ్మాయి తాడు కిందనుంచి దూరి లోతు వైపుకి వెళ్లిపోయి, వెనక్కి తిరిగి నావైపు చూసి నవ్వింది. మరుసటేడు పెళ్లి చేసుకున్నాం. పెళ్లికి ముందే చెప్పేద్దామనుకున్నాను. కార్డులు పంచాక చెబుదామనుకున్నాను. ఒక తెల్లవారుజామున ఎవరూ లేనప్పుడు నాలుగడుగుల వైపు దిగి, నాకు నేనే విజిల్ ఊదుకుని, మొహం నీళ్లలో పెట్టాను కూడా. ముక్కులోంచి నడినెత్తికి సూది దిగినట్టయింది, గోడ పట్టుకుని దగ్గుతూ బయటికొచ్చాను, అదే ఆఖరు. ఆ తర్వాత మా ఆవిడ ఆఫీసంతా మా ఆయన ఈత మాస్టారని చెప్పుకోవడం మొదలుపెట్టింది, ఇంకేం చెబుతాను. మాకు పిల్లల్లేరు, ఆ లోటు తెలీకుండా ఊళ్లోని పిల్లలందరూ మాస్టారూ మాస్టారూ అని చుట్టూ తిరుగుతుంటే ఆవిడకీ బాగుండేది.

మూడో ప్రశ్న, నాలుగో ప్రశ్న. ఒక్కదానికి కాదని జవాబు దొరికితే చాలు నాకు, దాన్ని పట్టుకుని వేలాడతాను. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం వెనక్కి పోయి ఎటు చూసినా బురదా రాళ్లూ బయటపడతాయట, నీళ్లు కావాలంటే బురదలో నడుచుకుంటూ పోవాలట, దీనికి వీడు పెట్టిన పేరు సహజ సౌందర్యం. మా పూల్లో రెండంగుళాల నీళ్లు తగ్గితే సెక్రటరీ నా ప్రాణం తీస్తాడు, అక్కడ సముద్రానికి సముద్రమే మాయమైపోతే ఫొటోలు తీసుకుంటారు. కోతులు టోపీలు లాక్కుపోతాయట, ఈ వ్యాసం మొత్తంలో నాకు నచ్చిన సంగతి అదొక్కటే, క్యాషియరుని తలుచుకుని ఆ కోతుల మీద అభిమానం పుట్టింది. స్కూటర్లు అద్దెకిస్తారట, గుట్టల మీద జారిపడి మోకాళ్లకి కట్లు కట్టుకుని తిరగడం అక్కడ మామూలేనట. కొన్ని నెలల్లో జెల్లీ చేపలొస్తాయట, కుడితే వెనిగర్ పోసుకోవాలట. దానికింద వెళ్లొచ్చినవాళ్ల అభిప్రాయాలు. ఒకావిడ ఈ దీవిలో నన్ను నేను కనుగొన్నాను అని రాసింది, ఎక్కడ పారేసుకుందో ముందు చెప్పొద్దూ? ఇంకొకడు సముద్రం మరీ ఉప్పగా ఉందని ఐదుకి రెండు మార్కులేశాడు. ఇలాంటివాళ్లతో పక్కపక్కన గుడిసెల్లో వారం రోజులుండాలా మనం అని అందామనుకున్నాను మా ఆవిడతో, బురద, కోతులు, జెల్లీ చేపలు, అన్నీ వరసగా పేర్చుకుని గొంతు సవరించుకున్నాను కూడా.

గొంతు సవరించుకున్నాక ఆవిడ మాట గుర్తొచ్చింది. ఆవిడ ఏదీ అడిగే మనిషి కాదు. చీర కావాలని అడగదు, సినిమాకి పోదామని అడగదు, అలిగి సాధించడం అసలే చేతకాదు. అలాంటిది మొన్న భోంచేస్తూ, ఎన్నాళ్లుగానో ఒక కోరిక మాస్టారూ, గోడ లేని నీళ్లలో ఒక్కసారి ఈదాలనుంది అంది. ఇక్కడ నాలుగు బారలు వేసేసరికి గోడొచ్చేస్తుంది, తిరగాలి, మళ్లీ నాలుగు బారలు, మళ్లీ గోడ అంది. ఆ మాటకి నేనేమన్నానంటే, గోడ లేకపోతే ఎక్కడిదాకా పోతావు, వీసా ఉందా అన్నాను. ఆవిడ నవ్వలేదు. నవ్వలేదని ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు కంచంలోకి చూసుకుంటున్నాను. ఆ దీవి వద్దంటే ఆవిడకి అడ్డంగా గోడ కట్టేది నేనే, పోనీ వెళ్దామంటే ఎవరి పిల్లలో నా చేతుల్లో పోతారు. వెధవ బతుకు, ఎటు తిప్పినా తిరగని మీటలా ఉంది.

గోడ మీద గడియారం నాలుగున్నర దాటింది. ఆ గడియారం ఒక కాంట్రాక్టరు ఇచ్చింది, అద్దం కింద బంగారు రంగు అక్షరాలతో ప్రాణదాతకు అని రాయించి మరీ ఇచ్చాడు. పదకొండేళ్ల కిందటి మాట. మనిషి గున్న ఏనుగు, లోతు వైపు ఉండగా పిక్క పట్టేసింది, లైఫ్‌గార్డు టీకి పోయాడు. నేను కర్ర చాచాను. ఆయన చెయ్యి తగిలి జారిపోయింది, మునిగాడు, లేచాడు, మళ్లీ చాచాను, మళ్లీ జారింది. దూకాలి అప్పుడు. గట్టు మీదున్న పాతికమందీ నేను దూకుతాననే చూస్తున్నారు, నా కాళ్లు నేలకి అతుక్కుపోయాయి, మనిషి పోతున్నాడని కళ్లకి కనబడుతూనే ఉంది, కాళ్లు కదల్లేదు. మూడోసారి ఆయనకి కర్ర దొరికింది. పైకి లాగాక నోటికొచ్చినట్టు తిట్టాను ఆయన్ని, పొట్ట పగిలేలా తిని నీళ్లలో దిగడానికి బుద్ధుండక్కర్లేదా అని. పాతికమందీ చూశారా మాస్టారి నిబ్బరం, కంగారుపడి దూకకుండా కర్రతోనే లాగేశారు అని మెచ్చుకున్నారు. ఇంటికెళ్లి కూడా తిడుతూనే ఉన్నాను, అన్నం సహించలేదు, ఆ కాంట్రాక్టరునీ, లైఫ్‌గార్డునీ, టీ కొట్టువాణ్ణీ, అందర్నీ. నాకు భయం వేస్తే ఎవర్నో ఒకర్ని తిట్టాలి, అదీ నా సంగతి. అప్పుడు మునిగింది ఒక్కడే, గట్టు పక్కనే, చేతిలో కర్ర ఉంది, అయినా అలా అయింది.

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, వేలు పెట్టి తోసేశాను. తొమ్మిదో ప్రశ్న, మీరు నమ్మకంగా ఈదగలరా. ఇరవై రెండేళ్లలో నన్నా మాట అడిగింది ఈ దిక్కుమాలిన ఫోను ఒక్కటే. దాని కింద అవునుకొకటి, కాదుకొకటి, రెండు సున్నాలు, ఏదో ఒకటి నొక్కితే గానీ కదలదట. తలనొప్పని పడవ ఎక్కకుండా ఒడ్డునే ఉండిపోతే? మాస్టారు నేర్పిన పిల్లలేగా అని పంపించేస్తారు. ఎక్కి, నేను పైనుంచి చూస్తుంటాను, నేనూ దిగితే మిమ్మల్ని చూసేదెవడు అంటే? ఆ గట్టు మీది మాట పడవ మీదా చెల్లుతుంది, ఈ జనానికి చెల్లుతుంది, అదే నా భయం. క్యాషియరు చిన్న కూతురు, ఏడేళ్లది, ముందు పళ్లు రెండూ లేవు, విజిల్ ఊదకముందే దూకే రకం. ఇక్కడ దూకితే నాలుగడుగులు. అక్కడ అడుగు కనబడని నీలం నీళ్లలోకి దూకుతుంది, మాస్టారున్నారు కదా అని వెనక్కి కూడా చూడదు. నేను పడవ అంచు పట్టుకుని నిలబడి ఉంటాను, కాళ్లు అతుక్కుపోయి. అప్పుడెవర్ని తిడతాను? దాని తల్లి నన్ను అన్నయ్యగారూ అంటుంది. ఫోన్ బోర్లించి లేచి మీట వెనక్కి తిప్పాను, పంపు ఆపేశాను, గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది, ఎప్పుడొచ్చిందో.

బ్యాగులోంచి ఒక కాగితం తీసి, క్లోరిన్ డ్రమ్ము మూత మీద పరిచింది. పడవవాళ్లు పంపించారట, ఎవరికి ఈత వచ్చు, ఎవరికి రాదు, పిల్లల బాధ్యత ఎవరిది, అన్నీ రాసి పంపాలట. అన్నీ రాసేసింది ఆవిడ. పిల్లల బాధ్యత అన్నచోట నా పేరు, గుండ్రటి అక్షరాలతో.

"మీరు సరేనంటే ఇక్కడ సంతకం పెట్టండి మాస్టారూ," అంది.

పేర్చి పెట్టుకున్నదంతా మొదలుపెట్టాను. బురద అన్నాను, కోతులన్నాను, జెల్లీ చేపలన్నాను, తన్ను తాను పారేసుకున్న ఆవిడ గురించి కూడా చెప్పాను. ఓపిగ్గా విన్నది. విని, "వద్దనుకుంటే వద్దనండి, పర్వాలేదు," అంది. "పాపం, ఆ దీవిని తిట్టడం దేనికి?"

కాగితం మీద ఐదుగురు పిల్లల పేర్లూ వయసులతో సహా కనబడుతున్నాయి.

"నాకు ఈత రాదు," అన్నాను.

"అంటే?"

"అంటే రాదు. ఎప్పుడూ రాలేదు. తాడు దాటి అవతలకి వెళ్లిందే లేదు నేను."

నవ్వుతుందేమోనని చూశాను, నవ్వలేదు. అరుస్తుందేమోనని చూశాను, అరవలేదు. నా మొహంవైపూ, పొడి నిక్కరువైపూ, మూలన ఆనించిన కర్రవైపూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది, లెక్క సరిచూసుకుంటున్నట్టు. తర్వాత పెన్ను తీసి నా పేరు కొట్టేసింది. దాని పక్కన తన పేరు రాసుకుంది. నాకు ఆ ఆలోచనే రాలేదు, గంట నుంచి బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను, ఈ మనిషి రోజూ తొమ్మిదడుగుల లోతులో ఈదుతుందన్న సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. లైఫ్ జాకెట్లు ఎవరికి కావాలన్న చోట పిల్లల పేర్ల కింద ఆరో పేరు నాది రాసింది. ఛాతీ కొలత అడుగుతున్నారంది, ముప్పై ఎనిమిదన్నాను, నలభై రెండని రాసుకుంది. పిల్లల తల్లిదండ్రులకి మీరే చెప్పాలి, పడవ ఎక్కాక కాదు, ఇవాళే, అంది. చెబుతానన్నాను. వాళ్లు వేరేచోటు చూసుకుందామంటే చూసుకోనివ్వండి, మనిద్దరం మాత్రం వెళ్తున్నాం అంది. ట్రావెల్స్ వాడికి ఫోన్ చేసి, వస్తున్నామండీ, ఎంతమందో రేపు చెబుతాను అంది. మాట తొణకలేదు, ఆఫీసులో మాట్లాడినట్టే మాట్లాడింది.

ఫోన్ బ్యాగులో పడేసుకుంది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. పెద్దల బ్యాచివాళ్లు గేటు దగ్గర చేరినట్టున్నారు, మాటలు వినబడుతున్నాయి. పూల్ తెరిచే గంట కొట్టడానికి వెళ్లబోయాను.

"పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం," అంది, "పూల్ మూసేసి ఉంది, మనిద్దరమే ఉన్నాం. నేను లోతులోంచి రమ్మని పిలిచాను మిమ్మల్ని. ముందు ఆ కాళ్లు సరిగ్గా కొట్టడం నేర్చుకో, అప్పుడొస్తానన్నారు."

గుమ్మం దాకా వెళ్లినవాణ్ణి వెనక్కి తిరిగాను.

"రోజూ పొద్దున్నే ఆ నీళ్లలో తేలే పలక పట్టుకుని కాళ్లు కొడతాను కదా మాస్టారూ. ఇరవయ్యేళ్లయింది. ఇంకా సరిగ్గా రాలేదేమో, అందుకే మీరు దిగట్లేదేమో అనుకున్నాను."

ఆ ఆదివారం కోసం బుర్రంతా వెతికాను, దొరకలేదు. అలాంటి మాటలు నేను రోజుకి పదిమందితో అంటాను.